పోయినోడు, ఉన్నోడు

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు. ఆటల పత్రికలు తిరగేస్తుంటే ఒక్కోసారి ఆసిఫ్ ఇక్బాల్ బొమ్మ తగులుతుంది. కింద 'పాకిస్తాన్ కెప్టెన్' అని ఉంటుంది. ఏ ఊరి పిల్లగాడో ఉండదు. ఉన్నా ఒక్క ముక్కే: హైదరాబాద్‌లో పుట్టి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆ 'వెళ్లిపోయాడు' అన్న మాటతోనే మా పేచీ.

ఆసిఫ్ 1943లో ఇక్కడ పుట్టాడు. రంజీలో హైదరాబాద్‌కు ఆడాడు. గులాం అహ్మద్‌కు దగ్గరి చుట్టం. 1955లో ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని ఫతేమైదాన్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు జరిగితే, భారత జట్టును నడిపింది ఆ గులాం అహ్మదే. 1961లో ఆసిఫ్ పాకిస్తాన్‌కు వలసపోయాడు. 58 టెస్టులాడి 11 సెంచరీలు కొట్టాడు. 1967లో ఓవల్‌లో 65 పరుగులకే 8 వికెట్లు పడ్డ జట్టును 146 పరుగులతో నిలబెట్టాడు. 1968 నుంచి 1982 దాకా ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీకి ఆడాడు. అక్కడ ఆటే ఆయన కొలువు.

ఒక్క మనిషికి ఎన్ని పేర్లు! ఇక్కడ పాకిస్తానీ. కరాచీలో ఇటునుంచి పోయినవాళ్లను ముహాజిర్లన్నారు. కెంట్ మాత్రం 1977లో జట్టునే ఆయన చేతిలో పెట్టింది. అట్లాగని ఇంగ్లండ్‌ను మెచ్చుకోవడం లేదు. 1968లోనే అక్కడ ఎనోక్ పావెల్ వలసొచ్చినవాళ్ల మీద విషం కక్కాడు.

మరి ఉన్నోడి సంగతి? అబ్బాస్ అలీ బేగ్ కూడా హైదరాబాదీయే. 1959లో మాంచెస్టర్‌లో భారత్ తరఫున ఆడిన తొలి టెస్టులోనే 112 కొట్టాడు. 1960-61లో పాకిస్తాన్ మీద పరుగులు రాలేదు. ఇంకొకరికైతే ఫామ్ పోయిందనేవాళ్లు. బేగ్‌కు మాత్రం కావాలనే ఆడలేదని నింద వేశారు, తిట్లతో ఉత్తరాలు రాశారు. మళ్లీ టెస్టు ఆడటానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది.

ఒకరి కథ రెండోవారి కథకు కారణమని మేమనడం లేదు. కానీ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టని చరిత్ర సగం చరిత్రే. పోతే ద్రోహి, ఉంటే అనుమానితుడు. మరి ఎక్కడ నిలబడాలి?

నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో టీవీలో మ్యాచ్ నడుస్తుంటే, చాయ్ కప్పు పట్టుకున్న మా చేతుల వైపే కొన్ని చూపులు తిరుగుతాయి. ఎవరి ఫోరుకు చప్పట్లు కొడతామా అని. ఇదే నగరం అమెరికా పోయిన కొడుకుల గురించి గొప్పగా చెప్పుకుంటుంది. వాళ్లు ప్రవాసులు. మావాళ్లు 'పోయినోళ్లు'.

తప్పు మాలోనూ ఉంది. ఆసిఫ్ పేరు చాటుగా తలుచుకుని మురిశాం. బేగ్ పడ్డ అవమానాన్ని మాత్రం బయటికి చెప్పలేదు. చెబితే మమ్మల్నీ అడుగుతారని భయం.

1979-80లో ఆసిఫ్ పాకిస్తాన్ కెప్టెన్‌గా పుట్టిన దేశానికొచ్చాడు. చివరి టెస్టు కలకత్తాలోనే ఆడాడు. ఆయన హైదరాబాదీ, పాకిస్తాన్ కెప్టెన్, కెంట్ కెప్టెన్. మూడూ నిజాలే. ఒకటి నిలబెట్టడానికి ఇంకోటి కొట్టేయకుండా రాయాలి. ఆ రాత ఇంకెవరో రాస్తారని మేమిక ఎదురుచూడం.