4.3 ఆల్ప్స్ వాస్తుకళ: సంప్రదాయం రూపంలో ఉందా, పద్ధతిలో ఉందా?

ఒక కొత్త కట్టడం సంప్రదాయాన్ని కొనసాగిస్తోందని దేనినిబట్టి చెప్పగలం? స్విట్జర్లాండ్‌లోని గ్రౌబుండెన్ పర్వత ప్రాంతానికి చెందిన మూడు ఉదాహరణల ద్వారా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

4.3.1 సంప్రదాయ పద్ధతి

ఇక్కడి పాత ఇళ్ళను 'స్ట్రిక్‌బౌ' పద్ధతిలో కట్టారు. ఈ మాటకు 'అల్లిక కట్టడం' అని అర్థం. దుంగలను అడ్డంగా పేర్చి, మూలల్లో గాళ్ళు కోసి ఒకదానిలో ఒకటి బిగిస్తారు. బరువును గోడలే మోస్తాయి. నేడు పర్యాటకుల కోసం కట్టే అనేక హోటళ్ళలో కాంక్రీటు గోడలకు చెక్క బాల్కనీలు తగిలిస్తున్నారు. వాటిలో పాత రూపం ఉంది, పద్ధతి లేదు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

4.3.2 సుమ్‌విట్గ్, వాల్స్

సుమ్‌విట్గ్‌లోని పాత ప్రార్థనా మందిరం 1984లో మంచు చరియల వల్ల ధ్వంసమైంది. వాస్తుశిల్పి పీటర్ జుమ్‌థోర్ 1988లో కొత్త మందిరాన్ని ఆకు ఆకారంలో, చెక్క పెంకుల గోడలతో నిర్మించాడు. పాత మందిరంతో దానికి పోలిక లేదు. అయినా ఆ పెంకులు పరిసరాల్లోని పాత ఇళ్ళ మాదిరిగానే ఎండకూ వానకూ రంగు మారుతుంటాయి.

1996లో ఆయనే వాల్స్ గ్రామంలో వేడినీటి స్నానశాల కట్టాడు. ఆ లోయలోనే తవ్విన సుమారు 60,000 క్వార్ట్‌జైట్ పలకలు ఇందులో ఉన్నాయి. ఇవి పైపై అలంకారం కావు, కాంక్రీటుతో కలిసి బరువు మోస్తాయి. ఈ నిర్మాణాన్ని చేయించింది గ్రామమే. 1998లో దానికి రక్షిత కట్టడం హోదా దక్కింది. అయినా 2012లో గ్రామస్థులు ఓటు వేసి దానిని ప్రైవేటు పెట్టుబడిదారుకు అమ్మారు. చట్టం రాళ్ళను కాపాడింది కాని, కట్టడం గ్రామం చేతిలో నిలవలేదు.

4.3.3 వ్రిన్

జియోన్ కమినాడా వ్రిన్‌లోనే పుట్టి, వడ్రంగం నేర్చి, వాస్తుశిల్పి అయ్యాడు. ఊరి అంచున పశువుల కొట్టాలను, కబేళాను కట్టాడు. రైతులు తమ మాంసాన్ని ఊళ్ళోనే సిద్ధం చేసుకోవడానికి ఇవి తోడ్పడ్డాయి. చర్చి పక్కన 'స్తివా దా మోర్ట్స్', అంటే మృతుల గది, కట్టాడు. పూర్వం ఇంట్లోనే జరిగే చివరి చూపులకు అది చోటు కల్పించింది. దానికి స్ట్రిక్‌బౌ పద్ధతినే వాడి, బయట తెల్లరంగు వేశాడు. 1998లో వ్రిన్‌కు వాకర్ బహుమతి లభించింది.

4.3.4 మూల్యాంకనం

శిల్పంగా చూస్తే వాల్స్ స్నానశాలకు సాటి లేదు. అయితే సంప్రదాయం అంటే ఒక ఊరు తన అవసరానికి తన పనితనంతో కట్టుకోవడం అనుకుంటే, వ్రిన్‌దే పైచేయి. కాని వ్రిన్ మార్గం ఒక్క వాస్తుశిల్పి ప్రతిభతో సాధ్యం కాలేదు. ఇళ్ళ స్థలాలు బయటి వ్యాపారుల పాలు కాకుండా గ్రామస్థులే ముందుజాగ్రత్త పడ్డారు. ఆ ఐక్యత లేనిచోట అవే కొట్టాలు కట్టినా అవే ఫలితాలు వస్తాయని ఆశించలేం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ప్రాంతంలో పాత పద్ధతిలో కట్టామని చెప్పే ఒక కొత్త భవనాన్ని పరిశీలించండి. బరువును ఏది మోస్తోంది? సామగ్రి ఎక్కడిది? వాడుకునేది ఎవరు? మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.