గ్రంథసూచికయు దూరపు పాఠకుడును

గ్రంథము అచ్చుపడినంత మాత్రమున సాహిత్యమున చేరదు. పాఠకుని చేతికి అందినప్పుడే చేరును. తెలుగుదేశమున గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దలు ఈ సత్యమును చక్కగా ఎరిగినవారు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పల్లెలకు పయనించినవి. అయితే ఆ పడవలో పుస్తకములతో పాటు మనిషియు ఉండెను. ఏ పుస్తకము ఎవనికి పనికివచ్చునో ఆ మనిషి ఎరుగును. నేడు పుస్తకములు అంతర్జాలమున పయనించుచున్నవి. ఆ మనిషి మాత్రము లేడు. అతని స్థానమును నింపవలసినది గ్రంథసూచిక. అది ఆ పనిని ఎంతవరకు నెరవేర్చినదని విచారింపవలసియున్నది.

ఈ విచారణకు భిలాయి తగిన నెలవు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక వలన అచ్చట ఉక్కు కర్మాగారము పుట్టినది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. విజయనగరము నుండి రాయపూరునకు పోవు రైలుమార్గము ఉత్తరాంధ్రకు ఆ ప్రాంతమును చేరువ చేసినది. పనికై వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు అక్కడనే నిలిచినవి. నాడు మధ్యప్రదేశములో నుండిన ఆ ఊరు 2000 నుండి ఛత్తీస్‌గఢ్‌లో నున్నది. ఇంట తెలుగు, వీథిలో హిందీ, బడిలో హిందీయో ఆంగ్లమో అను జీవితము అచ్చటి తెలుగు బిడ్డలది. తాత చదివిన పద్యము మనుమని చెవికి తెలియును; కంటికి తెలియదు. అట్టి పాఠకునికి తెలుగు గ్రంథాలయము పక్క వీథిలో దొరకదు. అంతర్జాలమే అతనికి పడవ.

పడవలో సరకు కొరత లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రాజ్ రెడ్డి పది లక్షల గ్రంథములను కంప్యూటరు కెక్కింపవలెనని సంకల్పించిరి. ఆ సంకల్పమునకు అనుబంధముగా బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. మొదలగు సంస్థలు పూనుకొనగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. వేలకొలది తెలుగు పుస్తకములు అందు చేరినవి. తరువాత అది మూతపడినను, ఆ పుస్తకములలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునందు నిలిచియున్నవి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహించు జాతీయ డిజిటల్ గ్రంథాలయము 2018 జూన్ 19న జాతికి అంకితమైనది; వేర్వేరు చోట్ల నున్న నిధులను ఒక్క ద్వారమునుండి చూపుట దాని పని. బ్రౌను నిఘంటువు 1903 నాటి ముద్రణ షికాగో విశ్వవిద్యాలయము వారి కృషి వలన వెదకుటకు వీలైన రూపమున నున్నది.

ఇంత యుండియు భిలాయి పాఠకుడు వట్టి చేతులతో మరలుచున్నాడన్నచో దోషము ఎక్కడ? మొదటి దోషము పేర్లలో నున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పుస్తకముల పేర్లను రోమను లిపిలో ఎక్కించిరి. దీర్ఘమునకు రెండేసి అక్షరములు, సున్నకు ఏదో యొక గుర్తు. అదియైనను ఒక్క తీరుగా లేదు. ఒకే వీరేశలింగము పలు వర్ణక్రమములలో పలువురు మనుష్యులైనాడు. రోమను లిపి తనంతట దోషము కాదు. తెలుగు లిపి రాని భిలాయి యువకునికి అదియే ఆధారము. దోషము నిలకడ లేమి. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు ఆ పేర్లను తెలుగు లిపిలో తిరిగి వ్రాసి, అకారాది పట్టికలుగా కూర్చిరి. పేరు ప్రతిష్ఠలు కోరని ఆ పని ఒక మంచి విమర్శగ్రంథమునకు తీసిపోదు.

రెండవది ముద్రణల భేదము. 1897 నాటి కన్యాశుల్కము వేరు, 1909లో గురజాడ పెంచి తిరిగి వ్రాసిన కన్యాశుల్కము వేరు. సూచిక సంవత్సరమును విడిచినచో పాఠకుడు ఒకదానిని చదివి మరియొకదానిపై తీర్పు చెప్పును. ఇది గుమాస్తా పొరపాటుగా మొదలై సాహిత్యచరిత్రలో తప్పుగా స్థిరపడును.

మూడవది భాషాస్వభావమునకు చెందినది. పుటల ఛాయాచిత్రములను అక్షరములుగా మార్చినగాని లోపలి మాట వెదకుటకు వీలుపడదు. మార్చినను చిక్కు తీరదు. పాత పుస్తకమున ‘వాఁడు’ అని యుండును; నేటివాడు ‘వాడు’ అని వెదకును. అచ్చట ‘గుఱ్ఱము’, ఇచ్చట ‘గుర్రము’. ‘అతఁడేమనియె’ అను సంధిలో ‘అతడు’ యంత్రమునకు కానరాడు. ఆంగ్లమునకై అమర్చిన వెదుకులాట పద్ధతి తెలుగునకు చాలదు. అరసున్నను, శకటరేఫమును, సంధిని ఎరిగిన పండితుడు యంత్రజ్ఞుని పక్కన కూర్చుండవలెను. వ్యాకరణము బడిపిల్లల బాధయని తలచిన యుగమునకు అదియే తాళపుచెవి యగుట విశేషము.

నాలుగవది కాలపు కంత. మన దేశమున గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము అరువదేండ్లుండును. 1971లో గతించిన జాషువ రచనలకు అది 2031 చివరి వరకు సాగును. 1983లో గతించిన శ్రీశ్రీకి 2043 వరకు. కావున వీరేశలింగము సులభముగా దొరకును. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము దొరకదు. భిలాయి కొలిమి రాజుకొనిన నాటి తెలుగు సాహిత్యమే భిలాయి మనుమనికి మూసిన గది. రచయితల జీవనహక్కును కాదనుట న్యాయము కాదు. కాని మరల అచ్చునకు రాని పుస్తకమునకు వారసుల అనుమతి లభించిన, నష్టపడువారు లేరు.

చివరిది అన్నిటికంటె బాధాకరము. ప్రవాసాంధ్రులు తమ ఊళ్లలో వెలువరించు సంచికలు, కవితల చిన్న పుస్తకములు పండుగతో పంచబడి పండుగతో మాయమగును. 1954 నాటి చట్టము ప్రకారము ప్రతి ప్రచురణకర్తయు పుస్తకపు ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును పంపవలెను. ఈ విధి పెద్ద ప్రచురణాలయములదే యని చిన్న సంఘములు భావించుట కద్దు. అట్లు పంపని పుస్తకము ఏ సూచికకును ఎక్కదు. ఎక్కని దానిని ఎంత గొప్ప యంత్రమును వెదకి తేలేదు. ఉక్కునగరపు తెలుగువాని అనుభవము తెలుగు సాహిత్యమున అరుదని చెప్పుటకు ముందు, అది వ్రాయబడలేదా, వ్రాయబడి పోయినదా అని విమర్శకుడు ప్రశ్నించుకొనవలెను.

సూచిక రచనకు వెలుపలి పని కాదు. పుస్తకపు మొదటి పుటలో పేరు, ఊరు, సంవత్సరము, ముద్రణ సంఖ్య సరిగా వ్రాసి, ప్రతిని పంపిన రచయిత తన పుస్తకమును పడవ ఎక్కించినవాడు. అంతటి శ్రద్ధ లేనిచో, భిలాయిలో వెదకుచున్న పాఠకుడు తెలుగున పుస్తకమే లేదని తలచును. అది అతని తప్పు కానేరదు.