నాగయ్య నటన, గానం - ఒక పునఃపరిశీలన

ఎం.ఏ. చదివే రోజుల్లో చిత్తూరు నాగయ్య మీద ఒక సెమినార్ పత్రం రాశాను. పోతన, త్యాగయ్య, వేమన, రామదాసు - నాలుగు పాత్రలనూ ఒకే మోపుగా కట్టి, సంస్కరణ చిత్రాలతో మొదలైన ఒక మంచి నటుణ్ణి భక్తి మింగేసిందని తేల్చాను. పలాయనవాదం అనే మాటను ఆ పత్రంలో కనీసం ఆరుసార్లు వాడి ఉంటాను. మార్కులు బాగానే పడ్డాయి. ఆ నాలుగు సినిమాల్లో అప్పటికి నేను మొదటినుంచి చివరిదాకా చూసింది ఒక్కటేనన్న సంగతి ఎవరూ అడగలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పత్రం సంగతి మళ్ళీ నాకు గుర్తుచేసినవాడు మా తొమ్మిదో తరగతి కుర్రవాడు. వేమన పద్యాలు చెబుతూ, తరగతి గదిలోని డిజిటల్ తెరమీద 'యోగి వేమన' చిత్రంలో కొంత భాగం చూపించాను. వేమన శ్మశానంలో ఉన్న ఘట్టం. నలుపు తెలుపు బొమ్మ, గరగరమనే శబ్దం చూసి పిల్లలు మొదట నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. అయిపోయాక వెనక బల్లమీది కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఈయన పాడుతున్నాడా, మాట్లాడుతున్నాడా?" అన్నాడు. "రెండూనురా" అన్నాను. ఇంతలో గంట కొట్టారు కనుక బయటపడ్డాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

ఆ వేసవిలో దొరికినన్ని నాగయ్య చిత్రాలు వరసగా చూశాను. నా పాత పత్రం ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

నాగయ్య 1904లో గుంటూరు జిల్లా రెంటచింతలలో పుట్టాడు. పేరుకు ముందున్న చిత్తూరు నాటకరంగం పెట్టిన పేరు. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో వేషాలు కట్టాడు. 'సారంగధర'లో చిత్రాంగి ఆయనే. గ్రామఫోను రికార్డులు ఇచ్చాడు. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'తో తెరమీదికి వచ్చేసరికి ముప్ఫై నాలుగేళ్ళవాడు. అందులో కల్లు తాగవద్దని జనానికి నచ్చజెప్పే పాట ఒకటి ఆయన పాడాడు. దానితోనే ఆయన గొంతు ఊరూరా తెలిసింది. ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. అది ప్రేయసి కోసం పాడిన పాట కాదు, దేవుడికి విన్నవించుకున్న పాటా కాదు. ఎదురుగా నిలబడ్డ మనుషులకోసం పాడినది. తాగేవాణ్ణి మానిపించడానికి పాడేవాడు రాగం చాటున దాక్కుంటే కుదరదు. మాట ముందు చేరాలి.

అప్పటి రంగస్థల పద్యం తీరు వేరు. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినబడాలి కనుక నటుడు గొంతెత్తేవాడు. పద్యం చివర రాగం సాగదీసేవాడు. "వన్స్‌మోర్" అనగానే చచ్చిపడినవాడు కూడా లేచి మళ్ళీ పాడేవాడు. నాగయ్య ఆ బడిలోనే చదువుకున్నాడు. కానీ మైకు ముందు నిలబడగానే అది చివరి వరస కాదనీ, ఎదుటి మనిషి చెవి అనీ ఆయనకు అర్థమైంది. పద్యంలో యతి దగ్గర కాక అర్థం దగ్గర ఆగుతాడు. వాక్యం చివర గొంతు పైకి లేపడు, దించుతాడు. ఆలాపన ఉన్నా అది మాటకు ముందు తీసుకునే ఊపిరిలా ఉంటుంది. మనం తరగతిలో పద్యం చదివేటప్పుడు పిల్లలకు నేర్పవలసింది ఇదే. మనలో చాలామందిమి నేర్పేది మాత్రం సాగదీయడమే.

వాహినీవారి తొలి చిత్రాలు ఈ గొంతుకు తగిన పని ఇచ్చాయి. బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో 'వందేమాతరం' 1939లోనూ, 'సుమంగళి' 1940లోనూ, 'దేవత' 1941లోనూ వచ్చాయి. మొదటిది నిరుద్యోగం, వరకట్నం గురించి. రెండోది వితంతు వివాహం గురించి. అందులో నాగయ్య వీరేశలింగంగారి ఛాయలున్న వృద్ధ సంస్కర్త. నిన్నటి చిత్రంలో యువకుడు, ముప్ఫై ఆరేళ్ళకే తలపండిన పెద్దమనిషి అయిపోయాడు. మన సినిమా చరిత్రలు ఈ వేషాన్ని బాగా మెచ్చుకుంటాయి. నాకు మాత్రం అక్కడే కొంత వెలితి కనిపిస్తుంది. సంస్కర్త చెప్పేదంతా సబబే. కానీ ఏ తప్పూ చెయ్యనివాడు చెప్పే మంచిమాటలో ఒక సుఖం ఉంటుంది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నాను కనుక ఆ సుఖం రుచి నాకు తెలుసు.

'దేవత'లో కథ మారింది. బారిష్టరు చదివి వచ్చిన పెద్దింటి కొడుకు ఇంట్లో పనిచేసే పిల్లను నమ్మించి వదిలేస్తాడు. ఆ బారిష్టరు నాగయ్య. ఇంతకుముందు చిత్రంలో న్యాయం చెప్పినవాడు ఇప్పుడు బోనులో ఉన్నాడు. ఆ మృదువైన గొంతు ఇక్కడ అనుమానాస్పదంగా వినబడుతుంది. ఇంత మెత్తగా మాట్లాడేవాడు ఇంత పని చేశాడా అని ప్రేక్షకుడు అనుకోవాలి. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లోనూ అంతే. చదువు, సంస్కారం, కల్యాణి వంటి భార్య ఉన్న మనిషి వీధినాటకాల సుబ్బి వెంటపడి ఇల్లు గుల్ల చేసుకుంటాడు. ఆ చిత్రం తలచుకోగానే అందరికీ భానుమతి గుర్తుకొస్తుంది, న్యాయమే. అయితే ఆమె ఆడించిన ఆ మనిషి దిగజారుతున్న కొద్దీ తన గొంతును తనే నమ్మలేకపోవడం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

నాకు తోచినది ఇది. నాగయ్యను మనం సాధువుగా గుర్తుపెట్టుకున్నాం. కానీ ఆయన గొప్పగా చేసినవి తప్పు చేసిన మనుషుల పాత్రలు. ఆ గొంతులోని మార్దవం పుణ్యాత్ముడిది కాదు, సంజాయిషీ చెప్పుకోవలసినవాడిది. (నాటకాల్లో కట్టిన చిత్రాంగి కూడా తప్పు చేసిన మనిషే. అది యాదృచ్ఛికమే అనుకోండి.)

ఈ కొలతతో చూస్తే నేను మోపుగా కట్టిన నాలుగు చిత్రాలు విడిపోతాయి. కె.వి. రెడ్డి మొదటి చిత్రం 'భక్త పోతన'. అందులో పొలం దున్నుకునే కవి రాజాశ్రయాన్ని కాదంటాడు. పోతన హాలికుడన్న కథకు చారిత్రక ఆధారం ఎంత అన్నది వేరే చర్చ. రాజుకు అంకితమివ్వని కవిని దేశం స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజుల్లో జనం ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో ఊహించడం కష్టం కాదు. దాన్ని పలాయనమన్న నా మాట అక్కడే తప్పు. అయినా పోతనలో నటుడికి పని తక్కువ. పోతన మొదటే గెలిచి ఉన్నాడు. లోకం వచ్చి ఆయన కాళ్ళమీద పడడమే మిగిలింది. 1946లో స్వయంగా తీసి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నటించిన 'త్యాగయ్య' సంగీతపరంగా పెద్ద పని. కృతుల్ని కచేరీ నుంచి తీసి జీవితంలో పెట్టాలని చూశాడు. చాలాచోట్ల పెట్టగలిగాడు కూడా. అయితే ఆ చిత్రం నిండా తీపి. త్యాగయ్య దుఃఖానికి కారణం ఎప్పుడూ ఇతరులే.

వేమన అలా కాదు.

1947లో వచ్చిన 'యోగి వేమన'కు దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు సముద్రాల రాఘవాచార్య, సంగీతం నాగయ్య, ఓగిరాల రామచంద్రరావు. వేమన గురించి జనం చెప్పుకునే కథనే తీసుకున్నారు: రెడ్డి ప్రభువు తమ్ముడు, వేశ్యాలోలుడు, రసవాదం పిచ్చిలో పడ్డవాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వేమన ఉపన్యాసాలు చదివినవారికి తెలుసు - పద్యాల వెనక ఉన్న మనిషిని, అతని అనుభవాన్ని వెదకడం అంటే ఏమిటో. ఈ చిత్రం పండితుల దారిలో కాక కథ దారిలో ఆ మనిషి దగ్గరికి వెళ్ళింది. అన్నకూతురు జ్యోతి అంటే వేమనకు ప్రాణం. ఆ పిల్లకు కనకాభిషేకం చేస్తానని ఆశ. బంగారం చేసే విద్య పట్టుబడిన సంతోషంతో పరుగున ఇంటికి వచ్చేసరికి పిల్ల పోయింది. బంగారం ఉంది, పిల్ల లేదు. శ్మశానంలో వేమన నోట వచ్చేది వైరాగ్యం కాదు. వైరాగ్యం తర్వాత వస్తుంది. అక్కడున్నది ఒక లెక్క: నేను అక్కడ ఉన్న సమయంలో ఇక్కడ ఉండవలసింది. నాగయ్య ఆ గొంతును ఏడుపు దాకా పోనివ్వడు. మాటకీ పాటకీ మధ్య ఆపి ఉంచుతాడు. పాడితే దుఃఖం అందమైపోతుంది, మాట్లాడితే చిన్నదైపోతుంది. ఆ రెంటికీ ఒప్పుకోని మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. మా కుర్రవాడు పసిగట్టింది అదే. వాడు నా సెమినార్ పత్రం చదవలేదు, అదృష్టవంతుడు.

పోతన ఆడినట్టు వేమన ఆడలేదు. జనం తప్పని నేను అనను. గెలిచిన భక్తుణ్ణి చూడడానికి వచ్చినవాడికి ఓడిపోయిన చిన్నాన్న కనిపిస్తే కష్టమే. కానీ చదువుకున్న విమర్శకులం మనమేం చేశాం? పద్యాల్లోని వేమన మన వాడన్నాం, తెరమీది వేమనను వాళ్ళ వాడన్నాం. పేరు ముందున్న 'యోగి' అన్న మాట చూసి సినిమా చూడడం మానేశాం. ఆ మాట మీద నాకూ అభ్యంతరమే. అయితే పేరును తిట్టినంత తేలిక కాదు, లోపలున్న నటనను చదవడం.

నాగయ్య కథానాయకుడిగా ఎక్కువకాలం ఎందుకు నిలవలేదన్నదానికి వయసు ఒక కారణం. మరొకటి నేపథ్యగానం. నటుడు తన పాట తనే పాడుకోవలసిన రోజుల్లో ఆయన వచ్చాడు. నలభైల నడుమకల్లా ఆ అవసరం తీరిపోయింది. ఆయన సంగీతం చూసిన 'స్వర్గసీమ'లోనే యువకుడైన ఘంటసాల గొంతు భానుమతి గొంతు పక్కన వినిపించింది. ఘంటసాల మనకు ఏమిచ్చాడో చెప్పనక్కరలేదు. నేపథ్యగానాన్ని తిట్టేవాళ్ళలో నేను లేను. పోయినది మాత్రం ఒకటుంది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయ్యాక పాట మొదలయ్యే చోటు స్పష్టంగా తెలిసిపోతుంది. మాట ఎప్పుడు పాటైందో తెలియని ఆ సందు మూసుకుపోయింది. నాగయ్య పనంతా ఆ సందులోనే జరిగేది.

1950లో కె. రామ్‌నాథ్ తీసిన 'బీదలపాట్లు' ఇందుకు మరో సాక్ష్యం. విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల్' ఆధారంగా తమిళంలోనూ తెలుగులోనూ వచ్చిన చిత్రం. రొట్టె దొంగిలించి జైలుకు పోయినవాడు, తనకు అన్నం పెట్టిన ఇంట్లో వెండి దొంగిలించినవాడు, ఆ తర్వాత మనిషిగా నిలబడాలని చూసేవాడు. హ్యూగో నవల గురించి మన పత్రికల్లో ఎంత రాశామో లెక్కలేదు. ఆ పాత్రను తెలుగువాడొకడు ధరించాడని ఎందరం రాశాం? అక్కడ ఆయన పాటతో నెగ్గుకురాలేదు. తనను ఎవరైనా గుర్తుపడతారేమోనన్న భయాన్ని నడకలో, చూపులో పెట్టుకుని తిరిగాడు.

తర్వాతి ఇరవై ఏళ్ళూ తండ్రి, ఋషి, వృద్ధుడు. 'పాండురంగ మహాత్మ్యం'లో కొడుకు చేతిలో కష్టపడే తండ్రి, 'లవకుశ'లో వాల్మీకి. వేషం ఎంత చిన్నదైనా గౌరవం తగ్గలేదు. చేసే పని మాత్రం తగ్గింది. తప్పులు చేసే హక్కు కథానాయకుడికి వెళ్ళిపోయింది. క్షమించడం ఆయనకు మిగిలింది. 1965లో పద్మశ్రీ వచ్చింది. 1973 డిసెంబరు 30న మద్రాసులో పోయేనాటికి చేతిలో ఏమీ మిగలలేదు. ఆయన దానగుణం గురించి, ఇంట్లో భోజనం చేసి వెళ్ళిన వందలమంది గురించి కథలు చెప్పుకుంటాం. అవి నిజమే కావచ్చు. కానీ ఆ కథలు మనకు ఎంత సదుపాయమో చూడండి. దానం చేసి పేదవాడయ్యాడంటే, సొంత చిత్రాల నష్టం ఒక్కడే ఎందుకు మోయవలసి వచ్చిందని ఎవరూ అడగక్కరలేదు. వేషాలు తగ్గిన నటుడికి పింఛనులాంటిది ఏదీ ఎందుకు లేదని అంతకన్నా అడగక్కరలేదు. మంచివాడన్నాం, చేతులు కడుక్కున్నాం.

ఆ సొంత చిత్రాల్లో చివరి పెద్ద ప్రయత్నం 1964లో వచ్చిన 'భక్త రామదాసు'. అరవై ఏళ్ళ వయసులో, అందరూ వేరొకరి గొంతుతో పాడుతున్న కాలంలో, తన గొంతుతోనే పాడుకున్నాడు. కబీరు పాత్రకు మహమ్మద్ రఫీ చేత పాడించాడు. ఎంచుకున్న మనిషి మళ్ళీ దోషే: సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలలో పడ్డ తహసీల్దారు. కథలో బలమంతా ఇక్కడుంది. జనం కట్టిన శిస్తు అది. గుడి ఎంత గొప్పదైనా ఆ డబ్బు అతనిది కాదు. నాగయ్య గొంతు చెరసాల పాటల్లో ఈ సంగతి తెలిసినట్టే పలుకుతుంది. రాముణ్ణి నిలదీస్తున్నప్పుడు కూడా అందులో తన తప్పు తెలిసిన తడబాటు ఉంది. కానీ కథ ఆయన్ని అక్కడ ఉండనివ్వదు. రాముడు వచ్చి తానీషాకు పైకంతా చెల్లించి వెళ్ళిపోతాడు, ఖాతా కొట్టివేస్తారు. వేమనకు అలా ఎవరూ వచ్చి జ్యోతిని తిరిగి ఇవ్వలేదు. ఈ ఏడాది పిల్లలకు ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టి చూపించాలని ఉంది.