లెక్కించే చేయి ఎవరిది?

దళిత అధ్యయనాలు ఎవరు చదువుతున్నారండీ అని అడిగేవాళ్ల చేతిలో ఇప్పుడు అంకెలున్నాయి. ఫలానా సిద్ధాంత గ్రంథాన్ని ఇంతమందే తెరిచారు, ఇంతమందే దించుకున్నారు, కనుక దాని విలువ ఇంతే అంటారు. అంకెకు కులం లేదని వాళ్ల నమ్మకం. ఆ అంకె ఎక్కడ పుడుతుందో, ఎవరికి కనబడుతుందో, ఎవర్ని వదిలేస్తుందో చూద్దాం.

పిహెచ్‌డి గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని యుజిసి 2009 నిబంధనలు చెప్పాయి. అవి చేరే చోటు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగ. దాన్ని కట్టింది డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఎంఐటి గ్రంథాలయాలు, హ్యూలెట్ పాకార్డ్ కలిసి 2002లో దాన్ని విడుదల చేశాయి. ఎన్నో విశ్వవిద్యాలయాల సొంత భాండాగారాలు కూడా దాని మీదే నడుస్తున్నాయి. మా విమర్శ ఏ ఒక్క సంస్థ మీదా కాదు. ఈ లెక్కింపు పద్ధతి మీద.

భాండాగారం నడుస్తుండగానే లెక్క రాసుకుంటూ పోతుంది. పేజీ తెరిస్తే ఒక నమోదు, ఫైలు దించుకుంటే ఇంకో నమోదు. సమయం, చదివే కంప్యూటర్ ఐపీ చిరునామా, దాన్నిబట్టి దేశం, ఊరు కూడా నమోదవుతాయి. ఇవన్నీ సోలార్ అనే వేరే గోదాములో ఉంటాయి. సర్వర్ ఆపకుండానే ఏ క్షణంలోనైనా అడిగి తీసుకోవచ్చు. అంటే సాంకేతికంగా అడ్డమేమీ లేదు.

మరి అడ్డం ఎక్కడుంది? డీస్పేస్‌తో పాటు వచ్చే అమరికలో ఈ లెక్కలు చూసే హక్కు నిర్వాహకులకే ఉంది. అందరికీ చూపించాలంటే అమరిక ఫైలులో ఒక్క మాట మార్చాలి. మార్చకపోతే, గ్రంథం రాసినవాడికి కూడా తన రాత ఎంతమందికి చేరిందో తెలీదు. లెక్క తియ్యడం వేరు, చూపించడం వేరు. ఇది మనకి కొత్త కాదు. 2011లో సామాజిక ఆర్థిక కుల గణన చేశారు. కులాలవారీ పూర్తి లెక్కను కేంద్రం బయటపెట్టనే లేదు.

ఇక లెక్కలోకి రానివాళ్ల సంగతి. ప్రచురణకర్తలు, గ్రంథాలయాలు పాటించే కౌంటర్ నియమావళి ప్రకారం ఒకే పాఠకుడు 30 సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒక్కటిగానే లెక్క. న్యాయమే. కానీ పాఠకుణ్ణి గుర్తుపట్టడానికి వేరే ఆధారం లేనప్పుడు ఐపీ చిరునామాను, బ్రౌజర్ రకాన్ని చూస్తారు. కాలేజీ ల్యాబులో అన్నీ ఒకే రకం కంప్యూటర్లు, బయటికి ఒకటే చిరునామా. మాస్టారు చెప్పగానే ముప్పైమంది పిల్లలు ఒకే గ్రంథం తెరిస్తే ఆ ముప్పైమందీ ఒక్కడైపోవచ్చు. సొంత కంప్యూటర్, సొంత కనెక్షన్ ఉన్నవాడు మాత్రం ఎప్పుడూ పూర్తి మనిషే.

హాస్టల్లో ఒకడు దించుకుంటాడు, జిరాక్సు తీస్తారు, గదిగదికీ తిరుగుతుంది, ఊళ్లో అంబేద్కర్ సంఘం దాకా పోతుంది. లెక్కలో మాత్రం ఒకటే. మనవాళ్ల చదువు మొదట్నుంచీ పంచుకునే చదువు. దాన్ని కొలిచే బద్ద ఈ యంత్రం దగ్గర లేదు. మరోపక్క వెతుకులాట యంత్రాలు తెరిచిన పేజీలు ఉంటాయి. వాటిని ఏరెయ్యడానికి ఒక జాబితా ఉంది. జాబితాకెక్కని యంత్రం పాఠకుడిగా చెలామణి అవుతుంది. యంత్రం మనిషవుతుంది, మనిషి లెక్కకు రాడు.

అట్లాగని లెక్కలు వద్దనడం లేదు మేం. లెక్క లేకపోతే మన పరిశోధన ఉనికినే కాదంటారు. లెక్క ఒక్కటే ఉంటే దాని విలువను కాదంటారు. అందుకే మూడు విషయాలు అడగాలి. ప్రతి గ్రంథం లెక్కా అందరికీ కనబడాలి. ఎట్లా లెక్కించారో పక్కనే రాయాలి. పాఠకుల చిరునామాలు మాత్రం బయటికి పొక్కకూడదు. కుల నిర్మూలన గురించి ఎవరు చదువుతున్నారో నిఘా పెట్టడానికి ఈ నమోదులు పనికిరాకూడదు. చిరునామా చివరి అంకెలు చెరిపేసే సదుపాయం డీస్పేస్‌లో ఉంది. వాడమని అడుగుదాం.

విద్యార్థులు తమ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒక దరఖాస్తు పెట్టి మొదలెట్టొచ్చు. మారాల్సింది ఒక్క మాటే. ఆ మాట ఎవరు మార్చాలన్న దగ్గరే అధికారం ఎవరిదో తేలుతుంది.