సంతకం, వేలిముద్ర

గోదావరిఖనిలో పుట్టిన నాకు హెన్రీ మూర్ మీద మోజు ఆయన గని బొమ్మల వల్లే కలిగింది. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన యుద్ధ చిత్రకారుల్లో ఆయనొకడు. 1942 నాటి ఆ బొమ్మలు తన తండ్రి పనిచేసిన వీల్డేల్ గనివి. చీకట్లో వంగిన నల్లటి దేహాలు చూస్తే షిఫ్టు దిగొచ్చిన మా నాన్నే.

మూర్ ఆ తర్వాత వేసిన లిథోగ్రాఫుల అడుగున పెన్సిల్ సంతకం, ప్రతి సంఖ్య ఉంటాయి. ఇన్నే ప్రతులు, కళాకారుడే చూసి ఒప్పుకున్నాడని హామీ అది. సేకర్తలు డబ్బు పెట్టేది ఆ హామీకి. నేనూ ఒకటి కొనాలని కూడబెట్టాను.

కానీ ఒక ప్రశ్న వదలదు. ఆయన షెల్టర్ బొమ్మల నిండా తల్లులున్నారు, గని బొమ్మల్లో ఒక్క ఆడమనిషీ లేదు. అక్కడ 1842 నుంచే స్త్రీలకు భూగర్భం నిషిద్ధం. మన 1952 గనుల చట్టమూ అదే చెప్పింది, 2019లో గానీ సడలలేదు. 1943లో లారా నైట్ ఫిరంగి భాగం చేస్తున్న యువతిని గీసింది. ఆయుధం చేస్తే స్త్రీ శ్రమ సర్కారుకు కనిపించింది. తెల్లారకముందే సద్ది కట్టి, మనిషి బాయి నుంచి తిరిగొచ్చేదాకా గడపకేసి చూసే శ్రమను గీయమని ఎవరు పురమాయించారు?

అమ్మ పింఛను కాగితాల మీద వేలిముద్ర వేసింది. అదీ అచ్చే. రెండో ప్రతి ఉండదు. మూర్ బొమ్మ ఇంకా కొనలేదు. కొంటే ఆ కాగితం నకలుకీ ఫ్రేము కట్టిస్తాను.