రాళ్ళకు నంబర్లున్నాయి, చేతులకు పేర్లేవి?

హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కేంద్ర పురావస్తు శాఖ 2006లో విప్పింది. ఒక్కో రాయికి నంబరేసి, మళ్ళీ నిలబెట్టి, 2024 మార్చి 8న తెరిచారు. పద్దెనిమిదేళ్ళ పని. అవసరమైన పనే, మేం కాదనం. మా పేచీ ఇట్లాంటి పనుల మీద వచ్చే రాతలతో.

వేయిస్తంభాల గుడి శాసనం (1163) రుద్రదేవుణ్ణి కీర్తిస్తుంది. పాలంపేట శాసనం (1213) గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుణ్ణి చెబుతుంది. శిల్పి రామప్ప జనం నోట్లోనే బతికాడు. 2021లో యునెస్కో జాబితాకెక్కినప్పుడు రుద్రేశ్వరాలయం ముందు, రామప్ప బ్రాకెట్లో!

మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేం కూడా సెమినార్ పేపర్లలో 'రుద్రదేవుడు కట్టించాడు' అని రాసి ఊరుకున్నాం. కట్టించడం వేరు, కట్టడం వేరు. వ్యాకరణానికి తెలిసిన ఈ తేడా మన చరిత్ర రచనకు పట్టలేదు. మన ఊళ్ళలో రాతిపని ఒక్క ఉలితో నడవలేదు. బండ పగలగొట్టే వడ్డెర, ఉలికి పదును పెట్టే కమ్మరి, ఆ కొలిమికి తోలుతిత్తి కుట్టే మాదిగ, వీళ్ళందరి చెమట కలిస్తేనే రాయి శిల్పమయింది. 'కాకతీయ శైలి' అనే ఒక్క మాట ఇంతమందినీ మింగేస్తుంది.

కట్టడాల పరిరక్షణకు ప్రపంచమంతా ప్రమాణంగా చెప్పుకునే వెనిస్ చార్టర్ (1964) ఏమంటుంది? పోయిన భాగం స్థానంలో పెట్టేది పాతదానితో పొందికగా ఉండాలి, కానీ కొత్తదని తెలియాలి, ప్రతి దశా నమోదు కావాలి అంటుంది. రాయి దగ్గర ఇంత నిజాయితీ కావాలన్నవాళ్ళు మనిషి దగ్గర ఎందుకు అడగరు? ఏ ముక్క కొత్తదో చెప్పగలిగినప్పుడు, దాన్ని ఎవరు చెక్కారో చెప్పడానికేం అడ్డు?

ఇది పేరు కోసం పేచీ మాత్రమే కాదు. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. పేరు నమోదు కాని కూలీకి ఆ జబ్బు ఏ పనిలో వచ్చిందో రుజువు చేసేదెట్లా?

అందుకే మేం కోరేది ఇది. ఏ కట్టడం బాగుచేసినా, పనిచేసినవాళ్ళ పేరు, ఊరు, పని, కూలి ఆ నివేదికలోనే అచ్చు కావాలి. చరిత్ర విద్యార్థులు శాసనాలతో పాటు మస్టర్ రోళ్ళు కూడా చదవాలి. పని చేసినోళ్ళు ఇంకా బతికుండగానే వెళ్ళి అడగాలి.