జింకు రేకు మీద గీత

మాస్టర్స్‌లో చేరిన మొదటి సెమిస్టరులో మా మేడం ఇచ్చిన అసైన్‌మెంటు విని క్లాసంతా నవ్వింది. నచ్చిన బొమ్మ ఒకటి తెచ్చుకోండి, దాని గురించి ఒక్క ముక్క రాయొద్దు, ముందు చేత్తో దించండి అన్నారావిడ. మేం మీడియా, దృశ్య సంస్కృతి చదువుకుందామని హైదరాబాదు వచ్చినవాళ్లం. సంకేతశాస్త్రమనీ, చూపు రాజకీయమనీ నెల రోజులుగా బరువైన మాటలు నోట్సుల్లోకి ఎక్కించుకుంటున్నాం. బొమ్మ దించడమంటే ఏడో తరగతి డ్రాయింగు పీరియడు కదా!

నేను బాపు బొమ్మ తీసుకున్నాను. భక్తితో కాదు, బద్ధకంతో. రంగుల్లేవు, నీడల్లేవు, అంతా కలిపి ముప్పై గీతలు ఉంటాయో ఉండవో. రాత్రి అన్నం తిని కూర్చుంటే పడుకునేలోపు అయిపోతుందనుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. అప్పటికీ రాలేదు.

ఆ బొమ్మ మా తాతయ్య బైండు చేయించి దాచుకున్న పాత వారపత్రికల్లోది. ఏదో కథకు వేసింది. కథ పేరున్న పేజీ ఎవరో చింపేశారు, బొమ్మ ఉన్న పేజీ మాత్రం మిగిలింది. ఒకమ్మాయి మనవైపు వీపు పెట్టి కూర్చుని జడ అల్లుకుంటోంది. ఎవరో పిలిచినట్టున్నారు, తల కొంచెం ఇటు తిప్పింది. కనిపించేది ఒక్క కన్ను, ముక్కు కొస, పెదవి అంచు. ఇలాంటివి బాపు జీవితంలో ఎన్ని వేసి ఉంటారో లెక్క లేదు. ఏ వారం పనో అయి ఉంటుంది ఇది.

మెడ వెనక మొదలైన గీత వీపు మీదుగా నడుము దాకా ఒక్క ఊపులో దిగుతుంది. మెడ దగ్గర సన్నం, భుజం వంపులో ఒళ్లు చేస్తుంది, నడుము దగ్గర మళ్లీ సన్నబడి పరికిణీ కుచ్చెళ్ల దగ్గర ఆగిపోతుంది. కలం గీత ఇంతగా ఉబ్బి తగ్గదు, కుంచె పనే అయి ఉండాలి. రెండో పక్క భుజం అసలు గీయలేదు. నాకు ఆ సంగతి నాలుగో రోజుకి గాని తెలియలేదు. అంతవరకూ నా కన్నే దాన్ని గీసేసుకుంది! జడ మొత్తం నల్లటి ముద్ద. పాయకీ పాయకీ మధ్య సన్నటి తెల్ల సందులు మూడు నాలుగు వదిలారు, అంతే, అది జడయింది. జడలో పూలున్నాయి. ఆ పూలను గీయలేదు, వాటి చోట సిరా వేయకుండా వదిలేశారు. కాగితమే మల్లెపువ్వయింది.

ఇక కన్ను. పై రెప్పకు ఒకే గీత. ముక్కు వైపు సన్నగా ఎత్తుకుని, మధ్యలో లావై, కన్ను అయిపోయాక కూడా ఇంకాస్త ముందుకు పోయి కాటుక తోకై ఆగింది. నల్లగుడ్డు ఆ రెప్పకి అంటుకుని వేలాడుతుంది. కింది రెప్ప లేదు. నేను కింది రెప్ప గీశాను, ఉండాలి కదా అని. గీసీ గీయగానే ఆ పిల్ల ఎటూ చూడటం మానేసింది. బొమ్మలో ఉన్న కన్ను పిలిచినవాడి వంక చూస్తోంది, నేను దించిన కన్ను కంటి డాక్టరు గోడ మీద తగిలించిన చార్టులా ఉంది.

మేడంకి చూపిస్తే నా గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ భయపడ్డావు, ఇక్కడా భయపడ్డావు" అన్నారు. నెమ్మదిగా జాగ్రత్తగా గీస్తే బాగా వస్తుందనుకున్నాను. నెమ్మదిగా గీసిన ప్రతి చోటా గీత వణికింది.

దసరా సెలవులకి తెనాలి వెళ్లినప్పుడు నా అవస్థ తాతయ్యకి చెప్పాను. ఆయన లెటర్ ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసి రిటైరయిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నా కాగితాన్నీ పత్రికనీ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఇదెంత సైజులో వేశాడనుకున్నావే అమ్మడూ?"

"ఇంతే కదా తాతయ్యా, ఇక్కడున్నంత."

"అదే నీ తప్పు. దీనికి రెండింతలో, ఇంకా పెద్దదో వేసుంటాడు. బ్లాకులో తగ్గించారు."

ఆ సాయంత్రం ఆయన చెప్పింది మా సిలబస్‌లో లేదు. ఆ రోజుల్లో పత్రికలో బొమ్మ పడాలంటే బ్లాకు చేయించాలి. వేసిన బొమ్మని పెద్ద కెమెరాతో కావలసిన కొలతకి తగ్గించి ఫొటో తీస్తారు. ఆ నెగెటివ్‌ని వెలుతురు సోకితే గట్టిపడే పూత పూసిన జింకు రేకు మీద పెట్టి లైటు వేస్తారు. గీత పడ్డ చోట పూత గట్టిపడి నిలుస్తుంది. తక్కినచోట కడిగేసి ఆసిడ్‌లో ముంచితే అది రేకుని తినేస్తుంది, గీతలు మాత్రం గట్ల మాదిరి పైకి నిలబడతాయి. దాన్ని చెక్క మీద మేకులు కొట్టి అచ్చక్షరాల ఎత్తుకి సరిచేసి, అక్షరాలతో పాటే ఫారంలో బిగిస్తారు. ఇది లైన్ బ్లాకు. దీనికి తెలిసినవి రెండే, సిరా ఉండటం, లేకపోవడం. బూడిదరంగు తెలియదు. బూడిదరంగు కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి, అంటే బొమ్మనంతా సన్నటి చుక్కలుగా విడగొట్టాలి. దానికి ఖర్చెక్కువ. పైగా న్యూస్‌ప్రింటు మీద ఆ చుక్కలన్నీ అలుక్కుపోయి పెళ్లికూతురు కూడా మసిబారి కనిపించేది.

"ఆసిడ్ ఊరుకోదు, పక్కనుంచి కూడా కొరుకుతుంది" అన్నారు తాతయ్య. గీత మరీ సన్నమైతే విరిగిపోతుంది. రెండు గీతలు మరీ దగ్గరైతే మధ్యలో సిరా నిండి మచ్చయిపోతుంది. కొత్త ఆర్టిస్టులు చీర మీద పువ్వులన్నీ వేసి పంపేవారనీ, ట్రెడిల్ మిషను మీద రెండు వందల కాపీలు దాటేసరికి ఆ చీర బొగ్గుల బస్తా అయ్యేదనీ చెప్పి నవ్వారు.

అప్పుడు మళ్లీ ఆ జడ చూశాను. పాయల మధ్య వదిలిన తెల్ల సందులు నేను అనుకున్నదానికన్నా వెడల్పుగా ఉన్నాయి. బొమ్మ సగానికి తగ్గినా, సిరా కాస్త పాకినా పూడుకుపోనంత. కాటుక తోక ఎక్కడ ఆగాలో అక్కడ సూదిమొనలా సాగకుండా మొద్దుగా తెగింది, మొన ఉంటే ఆసిడ్ తినేసేది. సౌందర్యమని నేను నోట్సులో రాసుకున్న వాటిలో సగం ప్రెస్సు లెక్కలు. బాపు గీతలు తక్కువ వేసింది పొదుపు కోసమని వ్యాసాల్లో చదివాను. ఎందుకంత పొదుపో మాత్రం తెనాలిలోనే అర్థమైంది. రేకు మీద బతికి బట్టకట్టే గీతలు ఏవో తెలిసినవాడు వేసిన బొమ్మ అది.

అయితే ఆ లెక్కలు తెలిసినవాళ్లందరూ బాపులు కాలేదు. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా పట్టా పుచ్చుకుని, ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిన సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే కుర్రాడు ఆ ఇరుకునే ఇల్లు చేసుకున్నాడు. ఆయనకి ముందు నుంచే చందమామకీ, తర్వాత యువకీ అట్టమీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్యని చూడండి. ఆ నీటిరంగుల మంచు, ఆ సంధ్యలూ మంచి కాగితాన్నీ, రంగుకో అచ్చునీ అడుగుతాయి. పాపయ్య బొమ్మకి పత్రిక ఒదిగింది. బాపు పత్రికకి ఒదిగి, లోపలి పేజీల చవక కాగితం మీద, కథకీ ప్రకటనకీ మధ్య మిగిలిన నాలుగంగుళాల్లో తన పని చేసుకున్నారు. ఇద్దరిలో ఎవరు గొప్పంటే నేను చెప్పను. నాలుగంగుళాల పని కష్టమని మాత్రం పదకొండు రోజుల అనుభవంతో చెప్పగలను.

వాల్టర్ బెంజమిన్ 1930ల్లో రాసిన వ్యాసం మా క్లాసులో అందరూ చదవాల్సిందే. యంత్రం నకళ్లు తీస్తే అసలు బొమ్మకున్న ఏదో ప్రభ పోతుందంటాడాయన. బాపు బొమ్మ ముందు ఆ వాదం కాస్త తడబడుతుందని నా సెమినార్ పేపర్లో రాశాను. ఇక్కడ అసలు ఏది? బాపు బల్ల మీద ఉన్న పెద్ద కాగితం బ్లాకు మేకర్ కోసం వేసింది. అది వేసేటప్పుడే ఆయన కన్ను తగ్గిన బొమ్మ మీద ఉంది. పత్రికలో పడ్డాకే బొమ్మ పూర్తయింది. ఊరూరా నూరు ఇళ్లలో ఒకేసారి పూర్తయిన బొమ్మకి ప్రభ ఎలా పోతుంది?

గీత గురించి ఇంత మాట్లాడి బాపు అక్షరం సంగతి ఎత్తకపోతే తాతయ్య ఒప్పుకోరు. ఆయనకి బొమ్మ కన్నా అక్షరం ముద్దు. తెలుగు కంపోజింగు ఎంత తంటానో చెబుతూ, అక్షరం ఒక గడిలో, వత్తు ఇంకో గడిలో వెతికి ఏరుకునేవాళ్లమన్నారు. చిన్న ప్రెస్సుల్లో పెద్ద సైజు అక్షరాలు ఒకటి రెండు రకాలకి మించి ఉండేవి కావు. శోకం కథకీ హాస్యం కథకీ అదే శీర్షిక, అవే నిటారు అక్షరాలు. అందుకని శీర్షికని కూడా ఆర్టిస్టు చేత రాయించి, బొమ్మతో పాటే బ్లాకు చేయించేవారు. ఆ అవసరంలోంచి వచ్చింది బాపు చేతిరాత. తలకట్టు విసురుగా పడుతుంది, వత్తు పై అక్షరం ఒడిలోకి జరిగి కూర్చుంటుంది, కొమ్ము ఒక్కోసారి పక్క అక్షరాన్ని మోచేత్తో పొడుస్తుంది. ఒకే శీర్షికలో రెండు 'ల'లు వస్తే రెండూ ఒకేలా ఉండవు. మొదటిది ఎదురుచూస్తూ ఉంటే రెండోది కాళ్లు బార్లా చాపుకుంటుంది. చోటు ఎంతుందో అంత.

ఇప్పుడా రాత ఫాంటు అయింది. పెళ్లి శుభలేఖల మీద, కర్రీ పాయింటు బోర్డు మీద, రాజకీయ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ మీద కూడా అదే. అచ్చక్షరాలు చాలక పుట్టిన చేతిరాత చివరికి తానే అచ్చక్షరమైంది. నాకు సంతోషమే, కానీ ఫాంటులో అన్ని 'ల'లూ ఒకటే. మా ఊరి బస్టాండు దగ్గర ఫ్లెక్సీలో తొమ్మిది 'ల'లు లెక్కపెట్టాను, తొమ్మిదీ కవల పిల్లల్లా నిలబడ్డాయి. ఈ ఫ్లెక్సీ చూసినవాళ్లు బాపు అక్షరం ఇంతేననుకుంటారు కదా అని దిగులేసింది.

క్లాసులో నా పేపరు చదివినప్పుడు ఒకమ్మాయి లేచి అడిగింది: "ఆ నడుము ఎవరికైనా ఉంటుందా? 'బాపు బొమ్మలా ఉంది' అని మా పెళ్లిచూపుల్లో కూడా అన్నారు. నేనేం చేయాలి, గీతలా తగ్గాలా?" ఎవరూ నవ్వలేదు. జాన్ బెర్జర్ 1972లో బీబీసీ టీవీలో చెప్పిందీ ఇదే. చిత్రాల్లో ఆడది తనను ఎవరో చూస్తున్నారని తెలిసి ఉంటుంది, చూసేవాడి కోసం ఉంటుంది. నా బొమ్మలో పిల్ల కూడా ఎవరో పిలిస్తేనే తల తిప్పింది. ఆ ఆరోపణ నిజమే. ఒక చేతివాటం ఒక జాతికి కొలబద్ద అయిపోవడం ఆ చేతి తప్పు కాదని తప్పుకోలేం, ఆ చేయి ఆ కొలత దశాబ్దాలపాటు వేసింది. అదే చేయి ఆ కొలతకి లొంగని ఆడవాళ్లను కూడా తన కార్టూన్లలో పుష్కలంగా వేసిందని ఆ రోజు జవాబు చెప్పాను గాని, అది తప్పించుకునే జవాబని చెబుతూండగానే తెలిసింది. అప్పడాల కర్ర పట్టుకున్న భార్య కూడా ఒక మూసే.

బాపు తీసిన సినిమాల జోలికి వెళితే ఇది ఇంకో వ్యాసమవుతుంది. 1967లో 'సాక్షి'తో మొదలుపెట్టిన దర్శకుడు షాటు షాటుకీ ముందే బొమ్మలు వేసుకునేవారని అందరికీ తెలుసు. 1975 నాటి 'ముత్యాల ముగ్గు'కి ఛాయాగ్రహణం చేసిన ఇషాన్ ఆర్యకి జాతీయ అవార్డు వచ్చింది. అందులో తెర మీద మనిషిని ఒక పక్కకి జరిపి మిగతా అంతా ఖాళీగా వదిలిన ఫ్రేములు చూసినప్పుడల్లా నాకు ఆ గీయని భుజం గుర్తొస్తుంది. ఖాళీకి కూలి ఇచ్చి పని చేయించుకున్న మనిషి ఆయన.

పన్నెండో రోజున బొమ్మ దించడం మానేసి, రెండింతల కాగితం మీద ఒక్క వీపు గీత మాత్రం గీశాను. లెక్కపెట్టుకుని నలభై సార్లు. ముప్పై ఏడోది పరవాలేదు. మేడం దాన్నే తీసుకుని మార్కులు వేశారు.

ఇది చదివేవారి అటక మీద పాత ఆంధ్రపత్రికలో, యువలో, జ్యోతిలో మూటకట్టి ఉంటే పాత పేపర్లవాడికి తూచి వేసేముందు ఒకసారి దించి దుమ్ము దులపండి. కథల కోసం కాకపోయినా శీర్షికల కోసం, మూలన పడున్న చిన్న బొమ్మల కోసం. భూతద్దం ఉంటే మంచిది. కథ పేరున్న పేజీ చిరిగిపోయినా నష్టం లేదు, బొమ్మ ఉన్న పేజీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.